హాలే అనాథాలయమూ దాని దూరపు కొమ్మలూ

జర్మనీ నడిభాగంలో సాలే నది ఒడ్డున ఉన్న హాలే పట్టణానికి కోటగోడ బయట ఒకప్పుడు గ్లౌహా అనే పేద పేట ఉండేది. 1698లో అక్కడ పునాది పడిన అనాథాలయం ప్రొటెస్టెంటు మిషను చరిత్రలో చాలా వాటికి మొదలు. తరంగంబాడికి తొలి మిషనరీలను నడిపించిన చేయి దానిది. అమెరికాలోని జార్జియాలో, ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో పిల్లల ఆశ్రమాలు దాన్ని చూసి లేచినవే. తెలుగు లిపిలో మొట్టమొదటి అచ్చు పుస్తకాలు వెలువడింది కూడా మద్రాసులోనో బందరులోనో కాదు, ఈ అనాథాలయం నడిపిన ముద్రణాలయంలో.

దీని స్థాపకుడు ఔగుస్ట్ హెర్మాన్ ఫ్రాంకే. 1663లో ల్యూబెక్‌లో పుట్టాడు. ఆచారాలకన్నా అంతరంగ భక్తి ముఖ్యమని, ప్రతి విశ్వాసీ బైబిలు స్వయంగా చదవాలని చెప్పే పైటిస్టుల వర్గం అతనిది. ఆ బోధ వల్లనే లైప్‌జిగ్‌లో కొలువు పోయింది, ఎర్‌ఫుర్ట్ నుంచి 1691లో వెళ్ళగొట్టారు. పైటిస్టుల పెద్ద స్పేనర్ బెర్లిన్‌లో ఉండి మాట సాయం చేయడంతో బ్రాండెన్‌బర్గ్ ప్రభువు కొత్తగా పెడుతున్న హాలే విశ్వవిద్యాలయంలో ప్రాచ్యభాషల ఆచార్య పదవి దొరికింది. ఆ పదవికి జీతం అంతంతమాత్రం కాబట్టి గ్లౌహా చర్చి పాదిరీ ఉద్యోగం కూడా జతచేశారు. 1692లో అతను కాపురం పెట్టేనాటికి ఆ పేట 1682 నాటి ప్లేగు దెబ్బ నుంచి ఇంకా కోలుకోలేదు. ఉన్నవి రెండు వందల ఇళ్ళయితే వాటిలో 37 తాగుడు అంగళ్ళని చెబుతారు. పిండి, సారాయి తయారీ అక్కడి వృత్తులు.

గురువారం గురువారం బిచ్చగాళ్ళు పాదిరీ ఇంటి గుమ్మం ముందు పోగయ్యేవారు. ఫ్రాంకే వాళ్ళను లోపలికి పిలిచి, పెద్దలను ఒక వైపూ పిల్లలను ఒక వైపూ కూర్చోబెట్టి, మతబోధలో నాలుగు ప్రశ్నలడిగి ఆ తర్వాతే డబ్బులిచ్చేవాడు. పిల్లలకు అక్షరమ్ముక్క రాదని అక్కడే తేలింది. బడి రుసుముకని విడిగా డబ్బిస్తే అది బడికి చేరలేదు. ఇంట్లో ఒక చందా పెట్టె గోడకు కట్టించాడు. 1695 ఈస్టరు వేళ ఒకామె అందులో ఒకేసారి ఆనాటి జర్మను నాణేల్లో నాలుగు టాలర్ల పదహారు గ్రోషెన్లు వేసింది. ఆ మొత్తాన్ని ఫ్రాంకే మూలధనంగా లెక్కవేశాడు. రెండు టాలర్లతో 27 పుస్తకాలు కొని, ఒక పేద విద్యార్థిని రోజుకు రెండు గంటలు చదువు చెప్పడానికి కుదిర్చి, తన చదువుల గది పక్కనే బడి తెరిచాడు. పిల్లలు పుస్తకాలు సంతోషంగా ఇంటికి పట్టుకుపోయారు. తిరిగి వచ్చినవి నాలుగు. మిగతావి అమ్ముడుపోయాయో, పిల్లలే మళ్ళీ రాలేదో. ఫ్రాంకే మిగిలిన సొమ్ముతో మళ్ళీ పుస్తకాలు కొన్నాడు, కాకపోతే ఈసారి బడి విడిచేటప్పుడు వాటిని అక్కడే పెట్టి వెళ్ళాలన్న నియమం చేశాడు. ఆ తర్వాతి ముప్ఫై ఏళ్ళ సంస్థలో కనిపించే రెండు గుణాలూ, పట్టు విడవకపోవడమూ పిల్లల మీద పూర్తిగా నమ్మకం పెట్టకపోవడమూ, ఈ చిన్న ఏర్పాటులోనే ఉన్నాయి.

బడికి వచ్చే పిల్లల్లో కొందరికి బడి అయిపోయాక వెళ్ళడానికి ఇల్లు లేదు. చదువు చెప్పిన రెండు గంటల ఫలం మిగతా ఇరవై రెండు గంటల వీధి బతుకులో కొట్టుకుపోతోందని ఫ్రాంకే వాదన. అదే ఏడాది ఒక దాత 500 టాలర్లు పంపాడు. దాని వడ్డీతో ఒక అనాథను పోషించవచ్చు. అలాంటి బిడ్డ కోసం వాకబు చేస్తే తల్లీతండ్రీ లేని నలుగురు తోబుట్టువులను చూపించారు. ఒకరిని తీసుకుని ముగ్గురిని వదలడం చేతకాక నలుగురికీ ఒప్పుకున్నాడు. కొద్ది నెలల్లోనే ఆ సంఖ్య తొమ్మిదికి చేరింది. మొదట వీళ్ళను మంచి కుటుంబాల్లో ఉంచారు. తర్వాత పక్కనున్న ఒక ఇల్లు కొని, గేఓర్గ్ హైన్రిహ్ నోయ్‌బౌవర్ అనే విద్యార్థిని పర్యవేక్షకుడిగా పెట్టారు.

1697లో నోయ్‌బౌవర్‌ను హాలండుకు పంపారు. అక్కడి నగరాల అనాథాలయాలు ఆ రోజుల్లో యూరపు అంతటికీ ఆదర్శం. గదులకు వెలుతురు ఎలా వస్తుంది, పిల్లలకు దుస్తులేమిటి, పనేమిటి, వంటశాల ఎక్కడ, ఇలా పొడుగాటి ప్రశ్నావళి పట్టుకుని వెళ్ళి వివరాలు సేకరించుకుని వచ్చాడు. 1698 జులైలో రాతి భవనానికి శంకుస్థాపన, సెప్టెంబరులో ప్రభువు ఇచ్చిన హక్కుల పత్రం. కట్టడం పూర్తయ్యేసరికి పేదల పేటలో అది రాజభవనంలా నిలిచింది. నెత్తిన సూర్యుడి వైపు ఎగిరే రెండు గద్దల శిల్పం, యెషయా గ్రంథంలోని ఒక వచనం. పేదపిల్లలకు ఇంత భవనం ఎందుకని అప్పుడే విమర్శలు వచ్చాయి. చీకటి గదుల్లో పిల్లలు రోగాలతో పోవడం తక్కిన చోట్ల చూసినవాడు కాబట్టి ఫ్రాంకే వెనక్కి తగ్గలేదు. తర్వాత వెనుక స్థలంలో వీధి పొడుగునా ఇంకా కట్టడాలు లేచాయి. వాటిలో వంద మీటర్లు దాటిన ఆరంతస్తుల కర్ర చట్రపు ఇల్లు ఇప్పటికీ ఉంది.

ఇంతటి సంస్థ చందాలతోనే నడిచిందంటే నమ్మడం కష్టం. నడవలేదు కూడా. ప్రభువు ఇచ్చిన పత్రంలో పన్ను మినహాయింపులతో పాటు మందుల దుకాణం, పుస్తకాల దుకాణం పెట్టుకునే హక్కులున్నాయి. హైన్రిహ్ యూలియుస్ ఎలర్స్ అనే సహచరుడు ఫ్రాంకే ప్రసంగం ఒకటి అచ్చువేసి లైప్‌జిగ్ సంతలో బల్ల మీద పెట్టి అమ్మడంతో పుస్తక వ్యాపారం మొదలైంది. కొన్నేళ్ళలో అది జర్మనీలోని పెద్ద ప్రచురణ సంస్థల్లో ఒకటయింది. 1710లో ఫ్రైహెర్ ఫాన్ కాన్‌స్టైన్ అనే జమీందారు సొమ్ముతో బైబిలు ప్రచురణ సంస్థ వెలసింది. మొత్తం గ్రంథానికి అక్షరాలు ఒకసారి కూర్చి, వాటిని విడదీయకుండా అలాగే ఉంచి, కావలసినప్పుడల్లా అచ్చు తీయడం దాని కిటుకు. దీనివల్ల కొత్త నిబంధన రెండు గ్రోషెన్లకు దొరికింది. మందుల సంగతి ఇంకా చిత్రం. వైద్యుడు క్రిస్టియన్ ఫ్రీడ్రిహ్ రిష్టర్ బంగారపు సత్తు అని చెప్పిన ‘ఎసెన్షియా డుల్సిస్’ అనే ద్రావకం 1701 నుంచి సీసాల్లో దేశదేశాలకూ పోయింది. అది ఏ రోగం నయం చేసిందోగానీ అనాథాలయం ఖజానాకు మాత్రం చాలాకాలం బలం ఇచ్చింది. ఊరి వర్తక సంఘాలు, మందులు అమ్మేవాళ్ళు ఈ పన్ను లేని పోటీ మీద ఫిర్యాదులు పెట్టారు, విచారణ సంఘాలు కూర్చున్నాయి.

1727లో ఫ్రాంకే చనిపోయినప్పుడు ప్రష్యా రాజుకు పంపిన లెక్కలో బళ్ళన్నింటిలో కలిపి రెండు వేల రెండు వందలకు పైగా పిల్లలు ఉన్నారు, వాళ్ళకు 175 మంది దాకా ఉపాధ్యాయులు. అనాథాలయంలో నివసించేవారు మాత్రం 100 మంది మగపిల్లలు, 34 మంది ఆడపిల్లలు, అంతే. ప్రభువుల కొడుకులకు వేరే బడి, లాటిను చదువుకునే పట్టణపు పిల్లలకు ఇంకొకటి, పేదలకు జర్మను బడి. ఇన్నింటి సముదాయానికి పేరు అనాథాలయం. చందాలు వచ్చింది ఆ పేరు మీద, గౌరవమూ దాని మీదే. ఆ నూట ముప్ఫై నలుగురు లేకపోతే మిగతాదంతా ఒక పెద్ద విద్యాసంస్థ మాత్రమే అయ్యేది. అయితే ఒక విషయంలో హాలే తన కాలాన్ని దాటింది. అనాథ అయినా తెలివైన కుర్రాడైతే లాటిను బడికి, అక్కడి నుంచి విశ్వవిద్యాలయానికి పంపేది. విశ్వవిద్యాలయపు పేద విద్యార్థులు ఉచిత భోజనం తిని దానికి బదులు బళ్ళలో పాఠం చెప్పేవారు. అంత మంది ఉపాధ్యాయులు ఎలా దొరికారన్న ప్రశ్నకు అదే జవాబు.

పిల్లల రోజు తెల్లవారుజామున ప్రార్థనతో మొదలై ప్రార్థనతోనే ముగిసేది. మధ్యలో చదవడం, రాయడం, లెక్కలు, కీర్తనలు పాడటం, మతబోధ. మగపిల్లలు మేజోళ్ళు అల్లేవారు, ఆడపిల్లలు నూలు వడకడం, కుట్టుపని, ఇంటిపని నేర్చుకునేవారు. ఆట అనేది ఫ్రాంకే దృష్టిలో కాలం పాడుచేయడమే. దాని బదులు నడక, తోటపని, పనివాళ్ళ దుకాణాలు చూసిరావడం. ఒక పెద్దమనిషి కన్ను ఎప్పుడూ పిల్లల మీద ఉండాలని నియమావళి చెప్పేది. పిల్లవాడి సొంత ఇష్టాన్ని విరిస్తేగాని దైవేచ్ఛకు చోటు దొరకదని ఆ బోధన సారాంశం. ఇప్పటి కంటికి ఇది కరుకుగానే కనిపిస్తుంది. ఆనాటి వీధితో పోల్చినప్పుడు కడుపునిండా తిండి, శుభ్రమైన పడక, వైద్యం దొరికాయన్నదీ అంతే నిజం.

ఫ్రాంకే చేసిన పనుల్లో అన్నింటికన్నా దూరం వెళ్ళింది భవనమూ కాదు, మందూ కాదు, నివేదిక. 1701లో అతను అనాథాలయం ఎలా పుట్టిందో, ఏ రోజు డబ్బు అయిపోయిందో, ఏ రోజు ఎవరు ఎంత పంపారో కథలా రాసి అచ్చువేశాడు. దేవుడే సమయానికి పంపుతున్నాడన్నది దాని సందేశం. చదివినవాళ్ళు తామే ఆ పంపినవాళ్ళు కావాలనుకోవడం దాని ఫలితం. లండన్‌లో ఉన్న బోమె అనే జర్మను పాదిరీ 1705లో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. సముద్రం అవతల బోస్టన్‌లో కాటన్ మాథర్ అనే పాదిరీ అది చదివి హాలేతో ఉత్తరాలు మొదలుపెట్టి బంగారం పంపాడు. పిల్లల పేరిట దూరదేశపు దాతలను కదిలించే ఉత్తరం, ఏటేటా వచ్చే నివేదిక, పేరు చెప్పని దాత జాబితా, ఇవన్నీ తర్వాతి మిషనులన్నీ వాడుకున్న పద్ధతులు. వాటిలో పిల్లల గురించి చాలా ఉంటుంది. పిల్లలు తమ నోటితో చెప్పింది దాదాపు ఉండదు, మరణశయ్య మీద పలికిన భక్తి మాటలు తప్ప.

ఈ పద్ధతి భారతదేశం చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. డెన్మార్కు రాజు నాలుగో ఫ్రెడరిక్ కోరమాండల్ తీరంలోని తన చిన్న వలస తరంగంబాడికి మిషనరీలను పంపదలిస్తే సొంత దేశంలో మనుషులు దొరకలేదు. పైటిస్టుల నుంచి బార్తొలొమేయుస్ జీగెన్‌బాల్గ్, హైన్రిహ్ ప్ల్యుత్‌షౌ దొరికారు. 1706 జులై 9న వాళ్ళు ఓడ దిగారు. మరుసటి ఏటికే బడులు మొదలయ్యాయి, ఆడపిల్లలకు కూడా. పిల్లల్లో కొందరు మిషను ఇంట్లోనే తిని అక్కడే పడుకునేవారు. కరువు వస్తే బిడ్డలను బానిసలుగా అమ్ముకునే తీరం అది. అలాంటి చోట రెండు పూటల తిండి పెట్టే బడి బోధకన్నా ముందు ఆకలిని పలకరించింది. పిల్లలు వచ్చింది ఏసు కోసమా, అన్నం కోసమా అన్న ఎత్తిపొడుపు అప్పుడే పుట్టింది, ఇప్పటికీ వినపడుతూనే ఉంది. ఒకే గుడిలో కులాలవారీగా విడివిడిగా కూర్చునే ఆచారాన్ని ఈ మిషను చాలాకాలం సహించింది.

హాలే నుంచి తరంగంబాడికి మనుషులతో పాటు మందుల పెట్టెలు, పుస్తకాలు, డబ్బు వచ్చేవి. 1713లో తమిళ అచ్చు అక్షరాలు వచ్చాయి. జీగెన్‌బాల్గ్ పంపిన నమూనాలు చూసి అనాథాలయపు పనివాళ్ళు పోతపోసినవి అవి. మరీ పెద్దవి కావడంతో కాగితం ఊరికే తినేశాయి. తర్వాత పక్కనున్న పొరైయార్‌లో చిన్న అక్షరాలు పోతపోసుకుని కొత్త నిబంధన ముగించారు. ఇటు నుంచి అటు తాటాకు గ్రంథాలు, గవ్వలు, బొమ్మలు, ఉత్తరాలు వెళ్ళేవి. ఉత్తరాలను 1710 నుంచి హాలేలో వరసగా అచ్చువేశారు. ప్రొటెస్టెంటు మిషను పత్రికల్లో అది మొదటిదంటారు. వస్తువులు అనాథాలయపు వింతల గదికి చేరాయి. 1741లో గ్రూండ్లర్ అనే చిత్రకారుడు ఆ గదిని బీరువాలతో తీర్చిదిద్దాడు. అంతకుముందు అనాథ పిల్లలు పడుకున్న అటక గది అదే.

తెలుగుతో సంబంధం బెంజమిన్ షుల్జే వల్ల ఏర్పడింది. 1719లో తరంగంబాడికి వచ్చిన ఈ మనిషి పనిమంతుడు, తోటివారితో మాత్రం పొసగనివాడు. జీగెన్‌బాల్గ్ వదిలిపోయిన తమిళ పాత నిబంధనను పూర్తిచేసి, 1726లో మద్రాసుకు మారాడు. లండన్‌లోని క్రైస్తవ విజ్ఞాన ప్రచార సంఘం పోషణ కింద అక్కడ మిషను నెలకొల్పి, బడి పెట్టాడు. మద్రాసు వీధుల్లో వినిపించే భాషల్లో తెలుగు ముఖ్యమైనదని గమనించి నేర్చుకున్నాడు, వ్యాకరణం రాశాడు. 1732 నాటికి బైబిలు మొత్తం తెలుగులోకి తెచ్చాడు. అచ్చువేయడానికి తెలుగు అక్షరాలు ఎక్కడా లేవు. ఆరోగ్యం చెడి 1743లో యూరపు తిరిగివెళ్ళి, హాలే అనాథాలయంలోనే స్థిరపడ్డాడు. అక్కడ తెలుగు అక్షరాలు తయారుచేయించి 1746, 1747 సంవత్సరాల్లో కొన్ని చిన్న మతగ్రంథాలు అచ్చొత్తించాడు. ప్రశ్నోత్తరాల బోధ, రక్షణ మార్గం, క్రైస్తవ నడవడి వంటివి వాటి విషయాలు. తెలుగు ముద్రణ చరిత్రకు అవే తొలి మెట్టు.

ఆ ఊళ్ళో వాటి ప్రూఫులు దిద్దగలిగినవాడు బహుశా షుల్జే ఒక్కడే. అక్షరాలు కూర్చిన పనివాడికి ఒత్తు ఏదో, గుణింతపు గుర్తు ఏదో తెలిసే అవకాశం లేదు. చదవగల జనానికి వేల మైళ్ళ అవతల ముద్రణ జరగడంతో ఆ పుస్తకాలు తెలుగు నేల మీద పెద్ద జాడ వదలలేదు. అతని బైబిలు రాతప్రతిగానే మిగిలింది. తెలుగులో కొత్త నిబంధన అచ్చు కావడానికి 1818లో బెంగాలులోని శ్రీరాంపూరు ముద్రణ దాకా ఆగవలసి వచ్చింది. అయితే షుల్జే హాలేలో తమిళ ముద్రణ పనికి తోడు తెచ్చుకున్న ఒక విద్యార్థి అక్కడే తమిళం నేర్చుకుని 1750లో తరంగంబాడి చేరాడు. అతను క్రిస్టియన్ ఫ్రీడ్రిహ్ ష్వార్జ్. తిరుచిరాపల్లిలో మందుగుండు గిడ్డంగి పేలి సైనికులు చనిపోయినప్పుడు దిక్కులేని వాళ్ళ పిల్లల కోసం బడి తెరిచాడు. తర్వాత తంజావూరులో మరాఠా రాకుమారుడు శరభోజికి గురువూ సంరక్షకుడూ అయ్యాడు.

సైనికుల పిల్లలే మద్రాసులో కొత్త తరహా ఆశ్రమాలకు కారణం. కుంపెనీ సిపాయిగా వచ్చిన గోరాకూ ఈ దేశపు స్త్రీకీ పుట్టి, తండ్రి చనిపోయాక ఎవరికీ చెందని పిల్లలు నగరంలో పెరిగిపోయారు. 1787లో ఆడపిల్లలకూ, 1789లో ఎగ్మూరులో మగపిల్లలకూ శరణాలయాలు తెరిచారు. ఆడపిల్లల ఆశ్రమం నిర్వహణలో హాలే నుంచి వచ్చిన గెరికే అనే మిషనరీ చేయి ఉంది. మగపిల్లల ఆశ్రమం పర్యవేక్షకుడు ఆండ్రూ బెల్ స్కాట్లండువాడు, హాలేతో సంబంధం లేదు. ఒక ఉదయం అతను గుర్రం మీద పోతూ వీధిబడిలో పిల్లలు నేల మీద ఇసుక పరచుకుని వేలితో అక్షరాలు దిద్దడం చూశాడు. వీధిబడి ఎరిగిన తెలుగువారికి ఇది కొత్త దృశ్యం కాదు. కాగితం, సిరా ఖర్చు లేకుండా అక్షరాలు నేర్పే ఉపాయం ఇదేనని తన ఆశ్రమంలో పెట్టబోతే ఉపాధ్యాయులు మొరాయించారు. చివరికి జాన్ ఫ్రిస్కిన్ అనే ఎనిమిదేళ్ళ సిపాయి కొడుకు చేత చిన్న తరగతికి నేర్పించాడు. పిల్లలే పిల్లలకు చెప్పే ఈ పద్ధతి మీద బెల్ 1797లో లండన్‌లో పుస్తకం ప్రచురించాడు. మద్రాసు పద్ధతి పేరుతో ఇంగ్లండులో వేల పేద బడులు దాన్ని అనుసరించాయి. మిషను ఆశ్రమాల చరిత్రలో సరుకు ఎప్పుడూ పడమర నుంచి తూర్పుకే వచ్చిందనే వాళ్ళకు ఇది గుర్తుచేయదగ్గ సంగతి.

హాలే నమూనాను అందరూ ఒకే బుద్ధితో తీసుకోలేదు. ప్రష్యా రాజు ఫ్రీడ్రిహ్ విల్‌హెల్మ్ 1713లో స్వయంగా వచ్చి హాలే చూసి మెచ్చాడు. 1724లో పోట్స్‌డామ్‌లో సైనిక అనాథాలయం తెరిచాడు. మగపిల్లలు రేపటి సైనికులు, ఈలోగా పిల్లలంతా నేత, లేసు పరిశ్రమల్లో చౌక కూలీలు. ఫ్రాంకే దగ్గర పని ఒక క్రమశిక్షణ, ఇక్కడ పనే లక్ష్యం.

జార్జియా కథ ఇంకా చిక్కుముడి. సాల్జ్‌బర్గ్ ఆర్చిబిషప్పు 1731లో తన రాజ్యంలోని ప్రొటెస్టెంట్లను వెళ్ళగొడితే వాళ్ళలో కొందరు 1734లో బ్రిటిషు వలస జార్జియాకు చేరి ఎబెనేజర్ అనే ఊరు కట్టుకున్నారు. వాళ్ళ పాదిరీలు బోల్జియుస్, గ్రోనౌ ఇద్దరూ హాలే అనాథాలయపు బళ్ళలో పనిచేసినవాళ్ళు. అక్కడా చిన్న అనాథాలయం పెట్టారు. 1738లో అది చూసిన ఇంగ్లీషు ప్రచారకుడు జార్జ్ విట్‌ఫీల్డ్, ఫ్రాంకే నివేదికను ముందే చదివి ఉన్నాడు. 1740లో సవన్నా దగ్గర బెథెస్డా అనే అనాథాలయానికి పునాది వేశాడు. అంత చిన్న వలసలో అనాథలు అంత మంది లేరు. పని చేసుకోగల వయసు వచ్చిన పిల్లలను, ఇతర కుటుంబాల్లో చక్కగా ఉన్న పిల్లలను కూడా తీసుకురావడంతో గొడవ రేగింది. పెరిగి పెద్దవాడైన ఒక అన్న తన తోబుట్టువులను తానే పోషించుకుంటానని వచ్చాడు. వలస పాలకుడు ఓగ్లథార్ప్ అతని పక్షం వహించి పిల్లలను పంపేయమన్నాడు. విట్‌ఫీల్డ్ అంగీకరించలేదు. అనాథ మీద హక్కు రక్తసంబంధానిదా, ఆశ్రమానిదా అన్న తగాదా ఆ తర్వాత ఎన్ని దేశాల్లో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. వచ్చిన ప్రతిచోటా ఆశ్రమం వాదన ఒకటే, పిల్లవాడి ఆత్మకు తామే పూచీ అని.

బెథెస్డాకు హాలేలాగా మందుల వ్యాపారం లేదు. దాని ఖర్చు పూడ్చడానికి విట్‌ఫీల్డ్ 1747లో దక్షిణ కరొలైనాలో ఒక తోట సంపాదించి అందులో నల్లజాతి బానిసల చేత సాగు చేయించాడు. అప్పటికి జార్జియాలో బానిసత్వం నిషేధం. ఆ నిషేధం ఎత్తేయాలని పట్టుబట్టినవాళ్ళలో అతనొకడు. అనాథాలయం బతకాలంటే బానిసలు కావాలన్నది అతని వాదన. 1751లో నిషేధం పోయింది. ఎబెనేజర్‌లోని బోల్జియుస్ దీన్ని చాలాకాలం వ్యతిరేకించాడు. ఒకే హాలే పుస్తకం చదివిన ఇద్దరు ఇంత ఎడంగా నిలబడటం చూస్తే, ఆ పుస్తకం డబ్బు ఎలా వస్తుందో చెప్పిందిగానీ ఎక్కడి డబ్బు ముట్టకూడదో చెప్పలేదనిపిస్తుంది.

18వ శతాబ్దం ముగిసే దశాబ్దాల్లో జర్మనీలోనే పెద్ద అనాథాలయాల మీద తీవ్రమైన వాదం నడిచింది. కిక్కిరిసిన గదులు, గజ్జి, శిశుమరణాలు, రోజంతా చాకిరీ బయటపెట్టి రచయితలు, వైద్యులు విమర్శించారు. కొన్ని పట్టణాలు ఆశ్రమాలను మూసేసి పిల్లలను పల్లెల్లో కుటుంబాలకు అప్పగించాయి. హాలే మూతపడలేదుగానీ దాని పాత వెలుగు తగ్గింది.

హాలే నుంచి తెలుగు నేలకు 19వ శతాబ్దంలో రెండు దారులు పడ్డాయి, రెండూ చుట్టుదారులే. హాలే అనాథాలయంలో పాఠాలు చెప్పిన హైన్రిహ్ మెల్హియోర్ మ్యూలెన్‌బర్గ్‌ను ఒక దశలో భారతదేశానికి పంపాలనుకున్నారు. చివరికి 1742లో పెన్సిల్వేనియాకు పంపారు. 1748లో అక్కడ అతను నెలకొల్పిన లూథరన్ సంఘమే సరిగ్గా మ్యూలెన్‌బర్గ్ ప్రయాణం జరిగిన నూరేళ్ళకు, 1842 జులై 31న, జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ అనే మిషనరీని గుంటూరు చేర్చింది. కలెక్టరు స్టోక్స్ ఆదరించాడు. హయ్యర్ వెంటనే బడులు తెరిచాడు, ఆడపిల్లలకు కూడా. దూరపు పల్లెల పిల్లలు ఉండి చదువుకోవడానికి ఏర్పడిన వసతులే కోస్తా జిల్లాల్లో జనం ఇప్పటికీ మిషను బోర్డింగు అని పిలిచే వాటికి మూలం. బోర్డింగులో ఉన్నవాళ్ళందరూ అనాథలు కారు. తల్లిదండ్రులు ఉండి, కూలికిపోయే ఇంట్లో చదువు సాగక, ఒక్కోసారి కరువులో, పిల్లలను అక్కడ విడిచివెళ్ళేవారు. మాల మాదిగ పల్లెల నుంచి తొలి తరం ఉపాధ్యాయులు, నర్సులు, పాదిరీలు వచ్చింది చాలావరకు ఈ గదుల నుంచే.

రెండో దారి బ్రిస్టల్ మీదుగా వచ్చింది. ప్రష్యాలో 1805లో పుట్టిన గేఓర్గ్ మ్యుల్లర్ హాలేలో చదివే రోజుల్లో పేద విద్యార్థులకు ఉచితంగా ఇచ్చే గదిలో, ఫ్రాంకే కట్టించిన అనాథాలయంలోనే రెండు నెలలు ఉన్నాడు. తర్వాత ఇంగ్లండులో స్థిరపడి జార్జ్ ముల్లర్ అయ్యాడు. 1835 నవంబరులో ఒక స్నేహితురాలి ఇంట ఫ్రాంకే జీవితచరిత్ర కంటపడింది. మరుసటి ఏప్రిల్లో బ్రిస్టల్ విల్సన్ వీధిలో అద్దె ఇంట్లో ఆడపిల్లలకు ఆశ్రమం తెరిచాడు. పిల్లల గోల, మురుగు గురించి ఇరుగుపొరుగు ఫిర్యాదు చేయడంతో ఊరి బయట ఆష్లీ డౌన్ గుట్ట మీద స్థలం కొన్నాడు. 1849లో మొదటి భవనం, 1870కి అయిదో భవనం. మొత్తం 2,050 మందికి చోటు.

ముల్లర్ ఎవరినీ డబ్బు అడగనని, అప్పు చేయనని నియమం పెట్టుకున్నాడు. అవసరం దేవుడికే చెప్పుకుంటానన్నాడు. అయితే ఏటేటా అచ్చయ్యే వృత్తాంతంలో ఫలానా ఉదయం రొట్టెకు డబ్బు లేదు, ఫలానా గంటకు వచ్చింది అని పూసగుచ్చినట్టు రాసేవాడు. అది అడగడం కాదన్నది అతని నిజాయితీ గల నమ్మకం. పాఠకుల చేయి జేబులోకి వెళ్ళిందన్నదీ కాదనలేనిది. ప్రవేశ నిబంధనలు మాత్రం కఠినం. తల్లీతండ్రీ ఇద్దరూ చనిపోయి ఉండాలి, బిడ్డ న్యాయమైన వివాహం వల్ల పుట్టి ఉండాలి. పెళ్ళికాని తల్లికి పుట్టిన బిడ్డకు, అందరికన్నా దిక్కులేనివాడికి, అక్కడ తలుపు మూసే ఉంది. మగపిల్లలను 14 ఏళ్ళకు పనివాళ్ళ దగ్గర చేర్చేవారు, ఆడపిల్లలు ఇళ్ళలో పనిమనుషులుగా వెళ్ళేవారు.

ముల్లర్ బావమరిది ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులను భారతదేశానికి తీసుకువచ్చాడు. వాళ్ళు గోదావరి డెల్టాలో నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా స్థిరపడ్డారు. జీతం ఇచ్చే సంఘం వెనుక లేదు. ముల్లర్ నిధి నుంచి అప్పుడప్పుడు వచ్చే డబ్బు వాళ్ళ ఆధారాల్లో ఒకటి.

ముల్లర్ జీవితం చదివి కదిలినవాళ్ళలో పండిత రమాబాయి ఒకరు. స్వయంగా కరువులో తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఆమె 1896-97 కరువులో మధ్య పరగణాల నుంచి వందల మంది ఆడపిల్లలను పుణె దగ్గరి కేడ్గావ్‌కు తీసుకువచ్చింది. ముక్తి సదనం అక్కడ వెలసింది. పొలం, మగ్గాలు, పాలపశువులు, ఆడవాళ్ళే అక్షరాలు కూర్చే ముద్రణాలయం ఉన్న ఆ ఆవరణ, ఎవరూ కావాలని అనుకరించకపోయినా, ఫ్రాంకే ఆవరణను పోలివుంది. తేడా ఒకటుంది. దాన్ని నడిపింది పరదేశపు మిషనరీ కాదు, సంస్కృతం చదివిన ఈ దేశపు వితంతువు.

20వ శతాబ్దంలో పెద్ద భవనాల కాలం చెల్లింది. పిల్లవాడికి వందల మంది మధ్య పడక కన్నా కుటుంబం లాంటి చిన్న ఇల్లు మేలన్న అభిప్రాయం స్థిరపడింది. ఆష్లీ డౌన్ భవనాలను 1958లో నగరపు విద్యాశాఖకు అమ్మేసి, పిల్లలను చిన్న చిన్న ఇళ్ళకు మార్చారు. హాలే ఆవరణ అంతకుముందే చేతులు మారింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సోవియట్ పాలన కింద 1946లో సంస్థ స్వతంత్రత రద్దయి ఆస్తులు విశ్వవిద్యాలయంలో కలిశాయి. తూర్పు జర్మనీ కాలంలో ప్రధాన భవనం ముందు నుంచే ఎత్తు వంతెన రహదారి వేశారు, కర్ర చట్రాల ఇళ్ళు శిథిలమయ్యాయి. జర్మనీ ఏకమయ్యాక 1990ల మొదట్లో సంస్థను పునరుద్ధరించి, కట్టడాలను ఒక్కొక్కటిగా బాగుచేశారు. ఇప్పుడు అక్కడ బళ్ళు, శిశు విద్యాలయాలు, గ్రంథాలయం నడుస్తున్నాయి. వింతల గది 1995 నుంచి మళ్ళీ సందర్శకులకు తెరిచి ఉంది. తరంగంబాడి ఉత్తరాలు, తాటాకులు, మద్రాసు మిషను పత్రాలు ఆ ఆవరణలోని పత్రాగారంలో భద్రంగా ఉన్నాయి. షుల్జే రాసిన తెలుగు వ్యాకరణాన్ని రాతప్రతి నుంచి 1984లో హాలేలోనే ప్రచురించారు, రాసిన రెండున్నర శతాబ్దాలకు.